కోటో, షాకుహాచిలతో జాజ్: నా అనుభవం

టోక్యోలో కోటో (మీటి వాయించే జపాన్ తీగల వాద్యం), షాకుహాచి (జపాన్ వెదురు వేణువు) విద్వాంసులతో కలిసి టెనర్ శాక్సఫోన్ వాయించి వచ్చాను. వీసా సంగతి ఒక్క మాటలో చెప్తాను: డబ్బు ముట్టే కచేరీకి టూరిస్ట్ వీసా చెల్లదు, ఎంటర్‌టైనర్ వీసా కావాలి. దానికి సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ అనే అర్హత పత్రం పిలిచినవాళ్లే అక్కడ తీసి పంపాలి. అక్కడి హాళ్లలో పియానో శ్రుతి (ఎ స్వరం) సాధారణంగా 442 హెర్ట్జ్‌లో ఉంటుంది. మామూలు 440తో తేడా సుమారు 8 సెంట్లే (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) కాబట్టి మౌత్‌పీస్ కాస్త లోపలికి తోస్తే చాలు.

ఒళ్లు మండింది పాట దగ్గర. నిర్వాహకుల ఆఫీసు వాద్యకారుల్ని ఒక్క మాట అడక్కుండా 32 బార్ల (తాళం ఆవృతాల) పాట ఖాయం చేసింది. అంతా డి మైనర్, మధ్యలో 8 బార్లు మాత్రం అరస్వరం పైన, ఇ-ఫ్లాట్ మైనర్. పియానోకి అది లెక్కే కాదు. కోటోకి 13 తీగలు, ప్రతి తీగ కిందా దాని శ్రుతి నిర్ణయించే కదిలే బ్రిడ్జి. ఒకటి రెండు బ్రిడ్జిలైతే వాయిస్తూనే జరుపుతారు, పదమూడూ జరిపే వ్యవధి ఎక్కడిది? ఎడమచేత్తో తీగ నొక్కితే అరస్వరం, మహా అయితే ఒక స్వరం పెరుగుతుంది. అలా అన్ని తీగలూ నొక్కుతూ వేగంగా మీటడం అయ్యే పని కాదు. రిహార్సల్‌లో కోటో ఆగిపోతే ఆ ఆఫీసు మనిషి "ప్రాక్టీసు చెయ్యలేదా?" అని కోటో వాయించే పెద్దావిణ్ణి అందరి ముందూ అడిగేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాద్యం గురించి తెలియనివాడు విద్వాంసుల్ని ప్రశ్నించకూడదు.

దారి ఆవిడే చూపించారు. కోటో శ్రుతి డి, ఎఫ్, జి, ఎ, సి. వీటిలో ఎఫ్, సి రెండూ ఇ-ఫ్లాట్ డోరియన్‌లోనూ (జాజ్‌లో మైనర్‌కి వాడే స్వరవరుస) ఉన్నాయి. మధ్య భాగంలో ఆ రెండు తీగలే లయగా మీటారు. ఇ-ఫ్లాట్ నుంచి లెక్కిస్తే అవి 9, 13వ స్వరాలై ఎంత బాగా పలికాయో!

షాకుహాచికి మామూలుగా వాడేది 1.8 షాకుల (జపాన్ పొడవు కొలత) వెదురు, అంటే దాదాపు 54.5 సెంటీమీటర్లు. అయిదు రంధ్రాల్లో తేలిగ్గా పలికేవీ ఆ డి, ఎఫ్, జి, ఎ, సి స్వరాలే. ఇ-ఫ్లాట్, ఎ-ఫ్లాట్ కావాలంటే తల వంచి, రంధ్రం సగం మూసి ఊదాలి. నాదం మెత్తబడి డ్రమ్స్ కింద మునిగిపోతుంది. మధ్య భాగానికి అరస్వరం పైన పలికే 1.7 షాకుల వెదురు తీసుకుంటే ఆ బాధ లేదు. కాకపోతే చల్లబడ్డ వెదురు శ్రుతి దిగుతుంది, కాబట్టి ముందే ఊది వెచ్చబరచాలి. మార్చుకోవడానికి రెండు బార్లు ఖాళీ వదలండి.

1964లో టోక్యోలో క్లారినెట్ విద్వాంసుడు టోనీ స్కాట్, షినిచి యుయిజే కోటోతో, హోజన్ యమమోటో షాకుహాచితో రికార్డు చేసినప్పుడు డ్రమ్స్ లేవు, పియానో లేదు. ఈ వాద్యాల బలం అక్కడ వినపడుతుంది.

కోటోకి రాసేటప్పుడు ఎఫ్, ఎఫ్-షార్ప్ రెండూ కావాలంటే తీగని ఎఫ్‌కే కట్టమనండి. నొక్కితే స్వరం పెరుగుతుంది, అంత తేలిగ్గా దిగదు. నోట్స్ కన్నా ముందు 13 తీగల శ్రుతి పట్టిక పంపండి, అదీ ఆఫీసు ద్వారా కాదు, నేరుగా వాద్యకారులకే.