పైపు వేసిన పదహారో రోజు

పైపు వేసిన పదహారో రోజు సాయంత్రం నాలుగింటికి చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. అరగంటకి జ్వరం 103. ప్రొస్టేటు వాచి మూత్రం బిగుసుకుపోతే, ఆపరేషన్ తేదీ దొరికేదాకా ఒడిశా సరిహద్దులో మా పర్లాకిమిడిలో ఒక ఆసుపత్రిలో కేథటర్, అంటే మూత్రాశయంలోంచి మూత్రం బయటికి పోయే పైపు, వేశారు. ఇరవై రెండేళ్ళుగా ల్యాబులో కల్చర్ ప్లేట్లు, అంటే నమూనాలోని క్రిముల్ని పెంచే పళ్ళేలు, చూసేవాణ్ణి కనక జ్వరం ఎక్కణ్ణించి వచ్చిందో తెలుస్తూనే ఉంది. ఏ క్రిమి అన్నదే తేలాలి.

దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ పెద్దాసుపత్రుల నమూనాలతో ఏటా వేసే లెక్కల్లో ఈ.కోలై అనే పేగుల బాక్టీరియాది మొదటి స్థానం, దాని వెనకే క్లెబ్సియెల్లా. సూడోమోనాస్, అసినిటోబాక్టర్, స్టెఫైలోకాకస్ ఆరియస్ ఆ తరవాత. కానీ ఈ వరస వార్డు వార్డుకీ మారిపోతుంది. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్నవాళ్ళ కఫంలో అసినిటోబాక్టర్‌దే పెత్తనం. పొడి మంచం కమ్మీ మీద కూడా వారాల తరబడి బతికే రకం అది. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళకి మూత్రంలో మంట వస్తే పదింట ఏడెనిమిది ఈ.కోలైయే. పైపున్నవాళ్ళలో దాని వాటా తగ్గి క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, ఎంటెరోకాకస్ పెరుగుతాయి. పైపు లోపలి గోడకి ఇవి పాచిలా పట్టేస్తాయి, ఆ పాచిలోకి మందు సరిగ్గా దిగదు.

పైపున్న ప్రతి రోజూ నూటికి 3 నుంచి 7 మందికి కొత్తగా క్రిములు చేరతాయి. నెల తిరిగేసరికి దాదాపు అందరికీ ఉంటాయి. అందుకే జ్వరం, చలి, నడుం నొప్పి ఏవీ లేకుండా, మూత్రం మడ్డిగా ఉందనో వాసనొస్తోందనో కల్చర్‌కి పంపడం దండగ. ఏదో ఒకటి పెరుగుతుంది, దానికో యాంటీబయాటిక్ రాస్తారు.

డ్యూటీ కుర్రాడు మూత్రం చేరే సంచీ, యూరోబ్యాగ్, అడుగున ట్యాపు విప్పి డబ్బా పట్టబోయాడు.

"బాబూ, అది పొద్దుటి నుంచీ నిలవున్న నీళ్ళు. అందులో పెరిగింది నాది కాదు, సంచీది."

"మరెక్కణ్ణించి తియ్యమంటారు మాస్టారూ?"

రెండు వారాలు దాటిన పైపైతే తీసేసి, కొత్తది వేసి, దాన్నుంచే పట్టాలి. పాత పైపు నుంచి పడితే దాని పాచిలోవన్నీ రిపోర్టులోకి ఎక్కుతాయి. పైపు కొత్తదే అయితే నమూనా తీయడానికి పైపుకుండే శాంపిల్ పోర్టుకి కింద పది పదిహేను నిమిషాలు క్లిప్పు పెట్టి, పోర్టుని స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, సిరంజితో 10 మిల్లీలీటర్లు లాగాలి. పైపుకీ బ్యాగుకీ ఉన్న అతుకు మాత్రం ఊడదీయకూడదు.

తరవాతి చిక్కు మా సరిహద్దు ఊళ్ళన్నిటిదీ. నమూనా ఇక్కడ తీస్తారు, ప్లేటు మీద వేసేది శ్రీకాకుళంలోనో బరంపురంలోనో. మూత్రం రెండు గంటల్లో ప్లేటెక్కాలి, లేదా ఐసు డబ్బాలో 4 డిగ్రీల దగ్గర ఉండాలి. మిల్లీలీటరుకి వెయ్యి క్రిములున్నవి అరగంటకోసారి రెట్టింపైతే మూడు గంటలకి 64 వేలు. ఎండలో బస్సు అద్దం దగ్గర పెట్టిన డబ్బాలు మా ల్యాబుకే ఎన్ని వచ్చాయో! అలాంటి డబ్బాకి "లక్షకి పైగా" అని రాసిన రిపోర్టుని నేను నమ్మను. నాది ఐసులోనే వెళ్ళింది.

రక్తం మాత్రం ఒక్క చేతి నుంచే తీశారు. మొదటి ఇంజెక్షన్‌కి ముందు, రెండు చేతుల నుంచీ వేర్వేరుగా తియ్యాలి, సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు. చర్మం మీది మామూలు స్టెఫైలోకాకస్ ఒక్క సీసాలోనే పెరిగితే అది రక్తంలోదో సూదితో వచ్చిందో చెప్పలేం. అదృష్టం కొద్దీ అయిదు రోజులైనా ఏదీ పెరగలేదు.

మూత్రం ప్లేటు మర్నాడు ల్యాబులో మావాడు ఫోనులో చూపించాడు. మెకాంకీ అగర్ అనే క్రిములు పెంచే జెల్లీ మీద గులాబీ రంగు కాలనీలు, అంటే క్రిముల గుంపులు, తుమ్మబంక చుక్కల్లా ఉబ్బి. లూపుతో, అంటే కొస చుట్టిన సన్న తీగతో, తాకి ఎత్తితే బెల్లం తీగపాకంలా సాగాయి. క్లెబ్సియెల్లా అని అప్పుడే అనుకున్నాం. మూడో రోజు సెన్సిటివిటీ, అంటే దానికి ఏ మందు పనిచేస్తుందన్న రిపోర్టు, వచ్చింది: ఈఎస్‌బీఎల్ రకం. మొదటి రోజు నుంచీ ఎక్కిస్తున్న యాంటీబయాటిక్ సెఫ్‌ట్రయాక్సోన్‌ని చీల్చేసే ఎంజైము దీని దగ్గరుంది. జ్వరం తగ్గనిది అందుకే.

రిపోర్టులో మూడు మందుల ఎదురుగా 'ఎస్' ఉంది, అంటే క్రిమి వాటికి లొంగుతుందని. నైట్రోఫ్యూరాంటోయిన్ మాత్ర, చవక, కానీ మూత్రాశయంలోనే పనిచేస్తుంది. కిడ్నీ కండలోకి, రక్తంలోకి చాలినంత చేరదు. చలిజ్వరానికి అది పనికిరాదు. అమికాసిన్ చక్కగా పనిచేసేదే, కానీ అది కిడ్నీలకి చేటు, కిడ్నీల పనితీరు చెప్పే నా క్రియాటినిన్ అప్పటికే ఎక్కువ, 1.9. మిగిలింది మెరోపెనెమ్. ఎనిమిది గంటలకోసారి 1 గ్రాము. రెండో రాత్రికి చెమట పట్టి జ్వరం దిగింది. మొత్తం ఏడు రోజులిచ్చి ఆపేశారు.

ఇంటికొచ్చాక, మళ్ళీ కల్చర్ చేయించి క్రిమి పోయిందో లేదో చూద్దామా అన్నాడు మా అల్లుడు. జ్వరం లేదు, వద్దన్నాను. ఆపరేషన్‌కి ముందు మాత్రం చేయించాను. ప్రొస్టేటు కోసేటప్పుడు నెత్తురు వస్తుంది, మూత్రంలో ఉన్నవి నేరుగా అందులోకి పోతాయి. ఈసారి రక్తం కల్చర్ లేదు గనక రెండు చేతుల సంగతి రాలేదు కానీ, క్లిప్పు పెట్టి పోర్టు నుంచే తీశారు.