భార్యకు సర్దిచెప్పి వెళ్ళిన సాధువు

సత్యనారాయణ వ్రతంలో మూడో కథ మొదలయ్యేసరికి పీటల మీద కూర్చున్నవాళ్ళకి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. వెనక వరసలో ఫోన్లు బయటికొస్తాయి. ఎవరో ఒకరు "పంతులుగారూ, కథ కాస్త త్వరగా కానిచ్చేయండి" అంటారు. పాపం ఆయన వేగం పెంచుతారు. అన్నవరం కొండ మీద దంపతులు బారులు తీరి కూర్చున్న మండపంలోనైనా, మన అపార్ట్‌మెంట్ హాల్లోనైనా ఇదే తంతు. ఆ వేగంలో కొట్టుకుపోయే మాట ఒకటుంది. నాకు దాని గురించే చెప్పాలనుంది.

పిల్లలు పుడితే వ్రతం చేస్తానన్నాడు సాధువు అనే వ్యాపారి. కలావతి పుట్టింది. అనుకున్న వ్రతం ఎందుకు చెయ్యరని భార్య లీలావతి తియ్యగానే అడిగింది. పిల్ల పెళ్ళికి చేద్దాంలే అన్నాడు. ఆ తర్వాతి మాట వినండి: "ఇతి భార్యాం సమాశ్వాస్య జగామ నగరం ప్రతి." అలా భార్యకు సర్దిచెప్పి నగరానికి వెళ్ళిపోయాడు. వెంటనే, "తతః కలావతీ కన్యా వవృధే పితృవేశ్మని." పిల్ల తండ్రి ఇంట్లో పెరిగింది.

పేరుకి తండ్రి ఇల్లు. తండ్రేమో నగరంలో.

అంతకుముందే ఒక పోలిక ఉంది: "దినే దినే సా వవృధే శుక్లపక్షే యథా శశీ." శుక్లపక్షపు చంద్రుడిలా రోజురోజుకీ పెరిగిందట. కలావతి అంటేనే కళలు గలది. రోజుకో కళ. విదియనాడు చూడని సన్నటి గీతని పౌర్ణమినాడు ఎంత కళ్ళు చించుకున్నా చూడలేం. సాధువుకి జరిగింది అదే. ఒకరోజు ఊళ్ళో స్నేహితురాళ్ళతో ఉన్న కూతుర్ని చూశాడు, గబగబా దూతని పంపాడు సంబంధం వెతకమని. "ద్రుతం దూతం" అంటుంది శ్లోకం. ఆ "ద్రుతం"లో నాకు కంగారు వినబడుతుంది. అరే, ఇంత పెద్దదైపోయిందా అన్న కంగారు.

ఇదంతా నేను శ్రద్ధగా వినడం వల్ల పట్టుకున్నానని అనుకోకండి. రెండేళ్ళ కిందట కార్తీక పౌర్ణమికి హైదరాబాద్‌లో మా ఇంట్లోనే వ్రతం. సాయంత్రం ఆరున్నరకి మా క్లయింట్ ఫోన్ మీటింగ్. పీట మీద కూర్చుని, కుడిచేత్తో అక్షింతలు వేస్తూ, ఎడమ చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకున్నాను. ఉత్తరీయం చెవి మీదికి లాక్కుంటే ఎవరికీ కనబడదనుకున్నాను. మా ఆవిడకి కనబడింది. ఏమీ అనలేదు. మూడో కథ మధ్యలో ఇయర్‌బడ్ ఛార్జింగ్ అయిపోయి చెవిలో కుయ్‌మని ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు పంతులుగారు "సమాశ్వాస్య" అన్నారు.

చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్న కథో. సాధువుది ధనాశ అనీ, దండం పట్టిన సన్యాసి వేషంలో స్వామి వచ్చి అడిగితే పడవలో ఉన్నవి ఆకులూ తీగలూ అని అబద్ధమాడాడనీ అదే పట్టుకుంటాం. ఆ అబద్ధం ఎప్పుడో చివర్లో వస్తుంది. మొదటి తప్పు ఇక్కడ, ఇంట్లో, భార్య ముందు జరిగింది. పైగా అది అబద్ధం కూడా కాదు. నిజంగానే చేద్దామనుకున్నాడు. మనమూ అంతేగా? ఈ రిలీజ్ అవనీ, ఈ ప్రమోషన్ రానీ, లోన్ తీరనీ. అందరం సమాశ్వాసనలో ఆరితేరినవాళ్ళమే.

వ్యాపారం మానెయ్యమని కథలో ఎక్కడా లేదు. రెండో కథలో కట్టెలమ్ముకునేవాడు ఏం చేశాడు? ఈ రోజు కట్టెలకి ఎంతొస్తే అంతతో వ్రతం చేస్తానన్నాడు. మోపు నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళి అమ్మాడు, రెట్టింపు ధర వచ్చింది, అరటిపళ్ళూ పాలూ గోధుమపిండీ కొనుక్కుని ఇంటికొచ్చి తనవాళ్ళని పిలిచాడు. పనీ వ్రతమూ ఇల్లూ అన్నీ ఒక్క రోజులోనే. రోజు కూలివాడికి కుదిరింది, పడవలున్నవాడికి కుదరలేదు.

ఇంకొకటి. ఏ రోజైనా సరే, "నిశాముఖే", అంటే చీకటిపడే వేళ, బంధువులతో కలిసి చెయ్యమంది శాస్త్రం. ఎంత దయ! పగలంతా నీ సంపాదనకే వదిలేసి, స్వామి సాయంత్రం మాత్రం అడిగాడు. మన నిశాముఖం న్యూయార్క్‌లో ఆఫీసు తెరిచే వేళ, అదే వచ్చింది చిక్కు. రోజూ కుదరకపోతే వారానికి రెండు సాయంత్రాలు ఎదురడిగి తెచ్చుకోండి. నేను అడిగాను. మంగళ, శుక్రవారాలు ఇచ్చారు. అడగడానికి పదకొండేళ్ళు పట్టింది.

ఆ వ్రతం రోజున మా అమ్మాయికి నేనే పట్టు పరికిణీ కొనుక్కొచ్చాను, కొలత అడక్కుండా, నా కళ్ళల్లో ఉన్న పిల్లకి సరిపడా. కట్టుకుని వస్తే చీలమండలకి నాలుగు వేళ్ళు పైకుంది. తీర్థం తీసుకోవడానికి వంగినప్పుడు చూశాను. మా అమ్మ అంచు తిరగేసి చూసి, "టక్కులున్నాయిలే రా, విప్పితే సరిపోతుంది" అంది. విప్పి కుట్టింది కూడా. పాత మడత గీత మాత్రం ఇప్పటికీ కనబడుతూనే ఉంది.