ఎన్‌సీఏలో సెక్షన్ 35: ఆధునిక ఒడంబడికలను నేను చదివిన పద్ధతి

మన దగ్గర ఎల్‌ఎల్‌బీ చేసి కెనడాలో లాయరుగా నిలబడాలంటే ముందు ఎన్‌సీఏ (విదేశీ లా డిగ్రీలను బేరీజు వేసే కెనడా సంస్థ) పరీక్షలు గట్టెక్కాలి. కాన్‌స్టిట్యూషనల్ లా, ఫౌండేషన్స్ రెండు పేపర్లలోనూ ఆదివాసీ జాతుల హక్కులు వస్తాయి. ఫెడరలిజం మనకు పెద్దగా ఇబ్బంది పెట్టదు, మన రాజ్యాంగం ఏడో షెడ్యూలు చదివిన బుర్రకి అది కొత్తేం కాదు. ఆదివాసీ హక్కులను గుర్తించే కెనడా రాజ్యాంగ సెక్షన్ 35 దగ్గరికి వచ్చేసరికే చాలామంది స్పారో, డెల్గమూక్, హైదా అని కేసుల పేర్లు బట్టీపట్టి వెళ్లిపోతున్నారు. ఇక ఆధునిక ఒడంబడికల (1970ల నుంచి ప్రభుత్వాలు ఆదివాసీ జాతులతో కుదుర్చుకుంటున్న భూమి ఒప్పందాల) గురించైతే నోట్సులో రెండు లైన్లకు మించి కనపడవు. నా దృష్టిలో ఆ అధ్యాయానికి తాళంచెవి అక్కడే ఉంది. ఆ కేసులన్నీ బేరసారాల బల్ల దగ్గరికి ఎవరు ఎవర్ని ఎలా రప్పించారన్న కథలో భాగాలే.

అందుకని నేను ఒక్క ఒడంబడికను ఎంచుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. అది బ్రిటిష్ కొలంబియా వాయవ్య మూలన, నాస్ నది లోయలో ఉండే నిస్గా జాతిది. మీరూ దాంతోనే మొదలుపెట్టండి.

1887లో నిస్గా పెద్దలు పడవ మీద విక్టోరియా వెళ్లి, మా భూమి సంగతి తేల్చండని అడిగారు. ప్రీమియర్ విలియం స్మిత్ తిప్పి పంపేశాడు. 1913లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు అర్జీ పెట్టారు. 1927లో ఇండియన్ యాక్ట్‌కు, అంటే కెనడా ఆదివాసుల వ్యవహారాలను నడిపే చట్టానికి, సెక్షన్ 141 చేర్చారు. ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి హక్కుల దావా కోసం చందాలు వసూలు చేయడం నేరమని దాని సారం. లాయరుకి ఫీజు కట్టుకునే దారి కూడా మూసేశారన్నమాట. 1951 దాకా అది చట్టంలోనే ఉంది. న్యాయశాస్త్రం చదువుకునే మనం ఈ సెక్షన్ దగ్గర కాసేపు ఆగాలి. "ఇన్నేళ్లు కోర్టుకెందుకు రాలేదు?" అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

తర్వాత నిస్గా నేత ఫ్రాంక్ కాల్డర్ తమ భూమి హక్కు కోసం దావా వేశాడు. 1973 జనవరి 31న కెనడా సుప్రీంకోర్టులో ఆ కాల్డర్ తీర్పు వచ్చింది. ఏడుగురు జడ్జీలు. ఆదివాసీ భూమి హక్కు అనేది చట్టంలో ఉందని ఆరుగురు ఒప్పుకున్నారు. అది ఇంకా బతికే ఉందా, రద్దయిపోయిందా అన్న దగ్గర మూడు, మూడుగా చీలిపోయారు. ఏడో జడ్జి పీజన్, క్రౌన్ (అంటే ప్రభుత్వం) మీద దావా వేయడానికి ముందస్తు అనుమతి లేదన్న సాంకేతిక కారణంతో కొట్టేశారు. కాగితం మీద నిస్గాలు ఓడిపోయారు. కానీ అదే ఏడాది ఆగస్టులో ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం, ఒడంబడికలు లేని చోట్ల సమగ్ర భూమి ఒప్పందాలకు సిద్ధమని విధానం ప్రకటించింది. నాలుగేళ్ల ముందు శ్వేతపత్రంలో 'ఇండియన్' అన్న ప్రత్యేక హోదానే తీసేస్తామన్న ప్రభుత్వం ఇదే. మూడు, మూడు అంటే మళ్లీ కోర్టుకెళితే ఎటైనా పడొచ్చు. ఆ భయమే ప్రభుత్వాన్ని కూర్చోబెట్టింది. ఈ కార్యకారణ సంబంధం రాస్తే మీ జవాబు మిగతావాటికంటే వేరుగా కనబడుతుంది.

అయినా ప్రావిన్స్ కదల్లేదు. భూమి ప్రావిన్స్ చేతిలో ఉంటుంది కాబట్టి అది లేకుండా ఒప్పందం తేలదు. బ్రిటిష్ కొలంబియా చర్చల్లోకి వచ్చింది 1990లో. 1998 ఆగస్టులో ముసాయిదా మీద పొడి సంతకాలయ్యాయి, నిస్గాలు ఓటు వేసి ఆమోదించారు, 2000 మే 11న ఒడంబడిక అమల్లోకి వచ్చింది.

ఎవరికేం దక్కిందో, ఎవరేం వదులుకున్నారో పక్కపక్కన పెట్టి చూడండి. నిస్గాలు తమ సంప్రదాయ భూభాగం అన్నది సుమారు 24,000 చదరపు కిలోమీటర్లు. పూర్తి యాజమాన్యంతో చేతికొచ్చింది దాదాపు 2,000. దాంతోపాటు సుమారు 190 మిలియన్ డాలర్లు, నాస్ నది సాల్మన్ చేపల్లో వాటా, నిస్గా లిసిమ్స్ ప్రభుత్వం. తమ పౌరసత్వం, భాష, సంస్కృతి విషయాల్లో సొంత చట్టాలు చేసుకునే అధికారం. ఇండియన్ యాక్ట్ కింద ఉన్న పన్ను మినహాయింపు మాత్రం దశలవారీగా పోయింది: అమ్మకం పన్నుకి ఎనిమిదేళ్లు, ఆదాయపు పన్నుకి పన్నెండేళ్లు. పన్నెండింట ఒక వంతు నేలకు సరేననడం చిన్న విషయం కాదు. ఆ నిర్ణయం వెనక నూరేళ్ల అలసట ఉంది, పిల్లలకు సొంత ప్రభుత్వం ఇచ్చి పోదామన్న పట్టుదలా ఉంది. నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది ఈ లెక్క చూశాకే.

ఇక అసలు చిక్కు. ప్రభుత్వం ప్రతిసారీ అడిగేది ఒకటే: ఇక మీదట కొత్త హక్కులేవీ బయటికి రాకూడదు. 1975 జేమ్స్ బే ఒప్పందంలో క్రీ, ఇన్యుయిట్ జాతులు తమ హక్కులను వదిలేసి, అప్పగించేస్తున్నామని రాసివ్వాల్సి వచ్చింది. నిస్గాలు ఆ భాషకు ఒప్పుకోలేదు. వాళ్ల ఒడంబడిక పాఠంలో, అంటే రాసుకున్న మాటల్లో, హక్కులు రద్దు కాలేదు, ఒడంబడికలో రాసిన రూపంలోకి మారి కొనసాగుతున్నాయి. ఫలితంలో పెద్ద తేడా లేదని విమర్శించేవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. తాతల హక్కు చచ్చిపోయిందని తమ చేత్తో సంతకం పెట్టకపోవడం చిన్న సంగతి కాదు. పరీక్షలో మీరు ఏ పక్షమైనా తీసుకోండి, కారణం మాత్రం చెప్పాలి.

తర్వాత కాంప్‌బెల్ కేసు. అప్పటి ప్రతిపక్ష నేత గోర్డన్ కాంప్‌బెల్ ఈ ఒడంబడిక రాజ్యాంగ విరుద్ధమని కోర్టుకెళ్లాడు. 2000లో ప్రావిన్స్ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆదివాసీల స్వపరిపాలన హక్కు 1867లో కెనడా ఏర్పాటుతో అంతరించిపోలేదని ఆ తీర్పులో ఉంది. స్వపరిపాలన మీద ప్రశ్న వస్తే దీన్ని వదలొద్దు.

ఊహాత్మక కేసు ఇచ్చి తేల్చమనే ప్రాబ్లెమ్ ప్రశ్న వచ్చినప్పుడు నేను ముందు చూసేది, ఆ జాతి ఏ స్థితిలో ఉందన్నది. హక్కు ఉందంటున్నారు కానీ ఇంకా రుజువు కాలేదంటే 2004 హైదా కేసు, అంటే ఆ హక్కును దెబ్బతీసే పని చేసేముందు ప్రభుత్వం ఆ జాతితో మాట్లాడాల్సిన సంప్రదింపుల బాధ్యత. కోర్టులో రుజువైందంటే 2014 సిల్కోటిన్. ఆధునిక ఒడంబడిక ఉందంటే మొదట దాని పాఠం చదవాలి, ఆ తర్వాతే కేసులు. పాఠంలో లేకపోయినా సంప్రదింపుల బాధ్యత పోదని 2010లో లిటిల్ సామన్ కార్‌మాక్స్ కేసు చెప్పింది. పాఠంలో ఉన్న ప్రక్రియను ప్రభుత్వం చివర్లో తనకు నచ్చినట్టు మార్చేస్తే కుదరదని 2017లో నాచో న్యాక్ డన్ కేసులో, యూకాన్‌లోని పీల్ నదీ పరీవాహక ప్రాంతం విషయంలో తేలింది.

మన తెలుగువాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద వచ్చి, గిరిజన ప్రాంత భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పు మనకు కొట్టిన పిండి కాబట్టి పోలిక పెట్టాలనిపిస్తుంది. డెల్గమూక్ కూడా అదే ఏడాది. కానీ ఐదో షెడ్యూలు గిరిజనుడి భూమిని రాజ్యం కాపాడే ఏర్పాటు. ఒడంబడికలో రెండు పక్షాలు ఎదురెదురుగా కూర్చుని భూమినీ అధికారాన్నీ పంచుకుంటాయి. సమతను తలకెక్కించుకుని రాస్తే నిస్గా ప్రభుత్వం మీకు ఐటీడీఏలా కనబడుతుంది, అక్కడే మార్కులు పోతాయి.

గైడ్లు పక్కన పెట్టి నిస్గా ఫైనల్ అగ్రిమెంట్ తెరవండి. అంతా అక్కర్లేదు. రెండో అధ్యాయం సాధారణ నిబంధనలు, ఎనిమిదోది చేపలవేట, పదకొండోది ప్రభుత్వం. పదకొండోదాన్ని తీరిగ్గా చదవండి. ఏ విషయంలో ఎవరి చట్టం చెల్లుతుందో అంశాలవారీగా రాసి ఉంటుంది, ఫెడరలిజం పేపరుకీ పనికొస్తుంది.