టిక్కు పెట్టే ముందు

డిశ్చార్జి కాగితాల్లో ఒక గడి ఉంటుంది, పేషెంటుకు జాగ్రత్తలన్నీ చెప్పారా లేదా అని. అక్కడ టిక్కు పెట్టి సంతకం చేయాల్సింది స్టాఫ్ నర్సులమే. మధ్యాహ్నానికి డిశ్చార్జిలన్నీ ఒకేసారి మీద పడతాయి, బిల్లింగ్ నుంచి ఫోన్లు, కింద ఆటో ఆగనంటోందని కొడుకు తొందర, కొత్త అడ్మిషన్‌కు బెడ్డు ఇంకా ఖాళీ కాలేదా అని సూపర్‌వైజరు. ఆ గోలలో "మందులు టైముకు వేసుకోండి, ఉప్పు తగ్గించండి, అర్థమైందా?" అంటాం, వాళ్ళు తలూపుతారు, టిక్కు పడిపోతుంది.

నాకు ఆ తలూపుడు మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. సిస్టర్ ఏమడిగినా "ఆ మేడమ్, సమజైంది" అనేయడం మన దగ్గర మర్యాద, పాతబస్తీ వాళ్ళయితే "హౌ సిస్టర్" అంటారు, అంతే తేడా. తెలియలేదంటే కసురుకుంటామని భయం కూడా (కసురుకుంటాం, అబద్ధమెందుకు). అందుకే అర్థమైందా అని అడగడం మానేసి, "ఇంటికెళ్ళాక కోడలికి ఏం చెప్తావో నాకోసారి చెప్పు పెద్దమ్మా" అంటాను. సూది అయితే నా ముందే చేసి చూపించమంటాను.

బోరబండ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మకు కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టారు, పొద్దున 20 యూనిట్లు. ఆమె అంతా గడగడా అప్పజెప్పింది, తెల్లటి మందు కాబట్టి సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలన్నది కూడా మర్చిపోలేదు. ఆ తర్వాత కొడుకు మెడికల్ షాపు నుంచి తెచ్చిన సంచిలోంచి సిరంజీ తీసింది. చూస్తే నారింజ మూత. సీసా మీదేమో 40 ఐయూ అని ఉంది. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా 40 బలందే (అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు), దానికి ఎర్ర మూత సిరంజీ వాడాలి, నారింజ మూతది 100 బలానికి. ఆ సిరంజీతో 20 గీత దాకా లాగితే ఆమె ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. అదే తిరగబడి, 100 బలం మందును ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతుంది, అది ప్రాణం మీదకొచ్చే సంగతి. "సిరంజీ అంటే సిరంజే కదా మేడమ్, సన్నగ మంచిగుందని తెచ్చిన" అన్నాడు కొడుకు. అతని తప్పేముంది, చీటీలో ఇన్సులిన్ సిరంజీ అని మాత్రమే ఉంది. కిందికి పంపి మార్పించాను. చూపించమని అడగకపోతే 8 యూనిట్లతో ఇంటికెళ్ళేది, షుగర్ దిగకపోయేసరికి వచ్చే రివ్యూలో డోసు పెంచేవారు, ఆ తర్వాత ఎప్పుడో షాపువాడు సరైన సిరంజీ ఇచ్చిన రోజు ఆ పెంచిన డోసంతా నిజంగానే లోపలికి పోయేది.

అందుకే షుగర్ పడిపోతే ఏం చేయాలో కూడా వాళ్ళ నోటితోనే చెప్పిస్తాను: చెమటలు, వణుకు, తిక్కతిక్క మాటలు, మిషన్‌లో 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

నర్సింగ్ జడ్జిమెంట్ అని కాలేజీలో పెద్ద పాఠం చెప్తారు. వార్డులో అది ఇంత చిన్న చిన్న చోట్ల ఉంటుంది. డిగాక్సిన్ అనే గుండె మందు సంగతే చూడండి. ఇచ్చే ముందు గుండె మీద స్టెత్ పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టాలి, 60కి తగ్గితే ఆపి డాక్టర్‌కు చెప్పాలి, ఇది అందరికీ నోటికొచ్చు. కానీ పల్సు 66 ఉండి, నిన్నటి నుంచి అన్నం సయించట్లేదు, వాంతొస్తోంది, గోడ పచ్చగా కనిపిస్తోంది అని పేషెంటు అంటే? రూలు ప్రకారం ఇచ్చేయొచ్చు. నేనివ్వను. అవన్నీ ఆ మందు ఒంట్లో ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలు, ముందు డాక్టర్‌కు ఫోన్ చేసి పొటాషియం ఎంతుందో కూడా చూడమంటాను.

ఊపిరి లెక్క ఇంకో గొడవ. ఏ ఛార్టు తిరగేసినా ఆ కాలమ్‌లో 20, 20, 20 అని ఉంటుంది, వార్డు మొత్తం ఒకే తాళానికి ఊపిరి తీస్తున్నట్టు. పేషెంటు పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు ముందుగా మారేది అదే, బీపీ చివరిదాకా నిలబడి మనల్ని మోసం చేస్తుంది. పేషెంటు దిగజారుతున్నాడా అని పసిగట్టడానికి బ్రిటన్ ఆసుపత్రుల్లో వాడే న్యూస్2 అనే స్కోరులో ఊపిరి నిమిషానికి 25 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అదొక్కటే 3 మార్కులు, అంటే వెంటనే వచ్చి చూడాల్సిన కేసు. రాత్రి డ్యూటీలో 28 ఉందని ఫోన్ చేస్తే "బీపీ బాగానే ఉంది కదా సిస్టర్" అని అటువైపు నిద్రమత్తు గొంతు. అప్పుడు "ఏదో తేడాగా ఉంది సార్" అంటే పని జరగదు. ఫలానా బెడ్డు, ఆపరేషనై రెండో రోజు, సాయంత్రం 18 ఉన్న ఊపిరి ఇప్పుడు 28, మనిషి పడుకోలేక లేచి కూర్చుంటున్నాడు, మీరొచ్చి చూడాలి, అని వరసగా చెప్పాలి. ఎస్‌బార్ అంటారు దీన్ని, అమెరికా నేవీ సబ్‌మెరైన్ల వాళ్ళ దగ్గర నుంచి ఆసుపత్రులకు వచ్చిన పద్ధతి. అలా చెప్తే డాక్టర్ చెప్పులేసుకుంటున్న చప్పుడు ఫోన్లోనే వినిపిస్తుంది.

రంజాన్ వస్తుందంటే నేను ఇంకో ప్రశ్న చేరుస్తాను: రోజా ఉంటారా? ఉండకండి అని లెక్చరిస్తే మన దగ్గర తలూపి ఇంటికెళ్ళి ఉంటారు, పైగా మందులు తమకు తోచినట్టు మార్చుకుంటారు. ఉంటామంటే ఆ మాట డాక్టర్‌కు చేరవేస్తాను, డోసులు, టైములు మార్చాల్సింది ఆయనే, కొందరికి వద్దని గట్టిగా చెప్పాల్సింది కూడా ఆయనే. వేలికి గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని చాలామంది మతపెద్దలే అంటున్నారు. 70కి తగ్గినా 300 దాటినా ఆ రోజుకు రోజా విడవాల్సిందే, ఇఫ్తార్‌కు ఇంకో పది నిమిషాలే ఉన్నా సరే.

"ఇవన్నీ చెప్పడానికి టైమెక్కడుంది అక్కా?" అని జూనియర్లు అడుగుతారు. నిజమే, వార్డులో నర్సులు సరిపోరు. కానీ ఆ ఇన్సులిన్ ఇక్కడున్నన్ని రోజులూ మనమే ఇస్తున్నాం కదా, మొదటి రోజు చూడనివ్వండి, రెండో రోజు నుంచి సిరంజీ వాళ్ళ చేతికిచ్చి పక్కన నిలబడండి, పెద్దగా ఎక్కువ టైమేమీ పట్టదు. డిశ్చార్జి నాటికి చెప్పడానికి మిగిలేది సీసా ఎక్కడ దాచాలన్నదే. మన మే నెల ఎండల్లో రేకుల ఇంట్లో అలమారాలో పెడితే మందు పాడవుతుంది. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో, లేకపోతే చిన్న కుండలో నీళ్ళు పోసి, సీసాను తడి తగలకుండా కవర్లో గట్టిగా కట్టి అందులో ఉంచి, నీడలో పెట్టుకోమంటాను. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిందా, కరిగించి వాడకుండా పారేయాలి.