ఒకే తోట, వేర్వేరు ఏళ్లు

ఆల్బా స్టేషన్లో దిగితే ముందుగా ముక్కుకు తగిలేది వైన్ కాదు, చాక్లెట్. నుటెల్లా తయారుచేసే ఫెర్రెరో కంపెనీ 1946లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఫ్యాక్టరీ ఇప్పటికీ ఇక్కడే నడుస్తోంది. గాలి అటు నుంచి వీచిందంటే వేయించిన హేజెల్‌నట్ల వాసన వీధుల్లోకి వచ్చేస్తుంది. ఇటలీలో వాయవ్యాన, పియెమోంటే ప్రాంతంలో ఉన్న ఈ చిన్న పట్నానికి ఇంకో రెండింటి వల్ల కూడా పేరు. చలికాలం ముందు దొరికే తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే పుట్టగొడుగు లాంటిది) ఒకటి, చుట్టూ కొండల మీద పండే నెబ్బియోలో ద్రాక్ష ఇంకోటి. ఆ ద్రాక్షతో చేసే బరోలో వైన్ కోసమే మేం వచ్చింది.

మా అక్క, బావ తొరినోలో (మనం టూరిన్ అనే నగరం) ఉంటారు. బావ అక్కడి పాలిటెక్నిక్ అనే ఇంజినీరింగ్ యూనివర్సిటీలో చదివి, కారు విడిభాగాల కంపెనీలో ఉద్యోగానికి కుదిరి, మెల్లగా వైన్ పిచ్చిలో పడ్డాడు. నాకు అంత పిచ్చి లేదు, కుతూహలం మాత్రం ఉంది. హైదరాబాద్‌లో పార్టీల్లో తాగిన రెడ్ వైన్ ఏ ఏడాదిదో నేనెప్పుడూ లేబుల్ మీద చూసిన పాపాన పోలేదు. పాతబడితే మంచిది అనే మాట ఒక్కటే తెలుసు.

"ఇంట్లో కారు పెట్టుకుని రైలెందుకు బావా?" అంటే, "ఇక్కడ రక్తంలో ఆల్కహాల్ లీటరుకు అర గ్రాము దాటితే లైసెన్సు గోవిందా. పైగా ఆ మలుపులు నువ్వు చూళ్లేదు" అన్నాడు. ఆల్బా నుంచి కొండ ఊళ్లకు బస్సులు అంతంత మాత్రం. ముందే మాట్లాడి పెట్టుకున్న ట్యాక్సీ ఎక్కాం.

నవంబరు మొదటి వారం. కింద లోయ అంతా పొగమంచు. ట్యాక్సీ హెడ్‌లైట్లు వేసుకుని పోతోంది. నాలుగు మలుపులు ఎక్కాక మంచు ఒక్కసారిగా కాళ్ల కిందికి దిగిపోయింది. పైన ఎండ. పడమట ఆల్ప్స్ వరుస, అందులో 3,841 మీటర్ల మోన్‌వీజో శిఖరం. 2014లో యునెస్కో ఈ ద్రాక్షతోటల కొండలను ప్రపంచ వారసత్వ జాబితాలో ఎందుకు చేర్చిందో ఆ మలుపు దగ్గర ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకు నచ్చింది మాత్రం దృశ్యం కంటే దాని వెనక ఉన్న లెక్క. ప్రతి కొండకూ దక్షిణం వైపు వాలు నెబ్బియోలోది. చలికాలంలో మంచు ముందుగా ఎక్కడ కరుగుతుందో చూసి పాతకాలం రైతులు ఆ చోటు దీనికి ఇచ్చారట. ఎండ కాస్త తగ్గే వైపు బార్బెరా, దొల్చెత్తో రకాలు. ఉత్తరం వైపు హేజెల్‌నట్ తోటలో, అడవో. నెబ్బియోలో అందరికంటే ముందు చిగురించి అందరికంటే చివర పండుతుంది, కోత అక్టోబరు దాకా సాగుతుంది. అందుకే అంత గారాబం. బరోలో అని పేరు పెట్టుకోవాలంటే నూటికి నూరు పాళ్లు ఈ ద్రాక్షే ఉండాలి, అదీ నిర్ణయించిన 11 ఊళ్ల పరిధిలో పండాలి.

మేం వెళ్లింది అందులో ఒకటైన సెర్రలుంగాకి. కొండ నెత్తిన 14వ శతాబ్దపు కోట నిటారుగా నిలబడి ఉంటుంది, దాని చుట్టూ గుండ్రంగా ఇళ్లు. ఇక్కడి నేల సున్నం కలిసిన గట్టి నేల, పడమటి వైపున్న లా మొర్రా ఊరి నేల కంటే పాతది. లా మొర్రా వైన్ త్వరగా మెత్తబడుతుందని, సెర్రలుంగా వైన్‌కి ఓపిక కావాలని అందరూ అంటారు. వయసుతో వైన్ ఎలా మారుతుందో చూడాలంటే ఓపిక కావలసిన ఊరికే వెళ్లాలని బావ వాదన.

వైనరీ అంటే పెద్ద భవనం ఊహించుకున్నాను. తీరా చూస్తే రెండంతస్తుల ఇల్లు, కింద సెల్లార్. అరవై దాటిన ఆవిడ, ఆమె కొడుకు నడుపుతున్నారు. వాళ్లిద్దరూ పియెమోంటే యాసలో మాట్లాడుకుంటారు, మాతో ఇటాలియన్, బావ నాకు తెలుగులో. ఒకే తోట నుంచి వచ్చిన వేర్వేరు ఏళ్ల వైన్లు రుచి చూపిస్తామని ముందే ఒప్పుకున్నారు. తలకు వంద యూరోలు దాటింది. అక్క ఆ అంకె విని ట్యాక్సీలోనే ఒకసారి నిట్టూర్చింది.

సెల్లార్‌లో చల్లగా ఉంది. గోడ పొడవునా మనిషి కంటే ఎత్తు పీపాలు, ఒక్కోటి వేల లీటర్లు పడుతుంది. క్రొయేషియాలోని స్లావోనియా ఓక్ చెక్కతో చేసినవి. పీపా పెద్దదైన కొద్దీ చెక్కకు తగిలే వైన్ పాలు తగ్గుతుంది, అంటే చెక్క వాసన వైన్‌కి పట్టకుండా గాలి మాత్రం కొద్దికొద్దిగా అందుతుంది. ఈ పీపాల మీద ఇక్కడ పెద్ద తగువే నడిచింది. 1980లలో కొందరు కుర్ర రైతులు 225 లీటర్ల చిన్న ఫ్రెంచి పీపాలు తెచ్చారు. వైన్ త్వరగా తాగడానికి పనికొస్తుంది, వెనీలా వాసన వస్తుంది, అమెరికాలో అమ్ముడవుతుంది. వాళ్లలో ఎలియో అల్తారే అనే ఆయన, తన తండ్రి వాడే పెద్ద పీపాలను రంపంతో కోసేశాడని కథలు కథలుగా చెబుతారు. అటువైపు బార్తోలో మస్కరెల్లో అనే పెద్దాయన తన సీసా మీద 'చిన్న పీపా వద్దు, బెర్లుస్కోనీ వద్దు' అని, ఇటలీ రాజకీయ నాయకుణ్ని కూడా కలిపి, చేత్తో రాసి బొమ్మ వేశాడు. ఇప్పుడు ఆ వేడి చల్లారింది, చాలామంది మళ్లీ పెద్ద పీపాల వైపే వచ్చారు. నేను తాగినంతలో పెద్ద పీపాకే నా ఓటు.

కొడుకు పీపాకున్న చిన్న కుళాయి తిప్పి 2023 వైన్ పట్టి ఇచ్చాడు. చట్టం ప్రకారం బరోలో, కోత జరిగిన ఏడాది నవంబరు 1 నుంచి కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్కలో. ఇంకా ఎక్కువ కాలం ఉంచినదని తెలిపే 'రిసెర్వా' మాట సీసా మీద రాయాలంటే 62 నెలలు. కాబట్టి దీనికి ఇంకా బరోలో అనిపించుకునే హక్కు లేదు. రంగు చూస్తే పలచటి ఎరుపు, గ్లాసు వెనక బావ వేళ్లు కనిపిస్తున్నాయి. ఇదేదో తేలికపాటిదిలే అనుకుని పెద్ద గుక్క పట్టాను. పచ్చి వక్క నమిలినట్టు నోరంతా బిగుసుకుపోయింది. ఆవిడ నా మొహం చూసి కొడుకుతో ఏదో అని నవ్వింది. బావ అనువదించలేదు.

ఆ వగరు టానిన్లది. ద్రాక్ష తొక్కలోంచి, గింజల్లోంచి వస్తాయి. మన ఉమ్ములో ఉన్న ప్రొటీన్లను పట్టేసుకుంటాయి, దాంతో నోట్లో జారుడు పోయి గరుకు మిగులుతుంది. నెబ్బియోలోకి రంగు తక్కువ, టానిన్ ఎక్కువ, పులుపూ ఎక్కువే. ఈ వైన్‌ని పదేళ్లు, ఇరవయ్యేళ్లు నిలబెట్టేవి ఆ చివరి రెండే. కుర్రతనంలో ఇబ్బంది పెట్టేవీ అవే.

పైన గదిలో బల్ల దగ్గర కూర్చున్నాక అసలు వరుస మొదలైంది. 2020 సీసా చక్కగా ఉంది. చెర్రీ, తాజా గులాబీ, వగరు కాస్త అదుపులో. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. తర్వాత 2016. వేసవి నెమ్మదిగా, పంటకాలం పొడుగ్గా సాగిన గొప్ప సంవత్సరమని బావ రైల్లో గంటసేపు ఊరించాడు. గ్లాసు తిప్పాను, వాసన చూశాను. ఏమీ రాలేదు. ఇంకోసారి తిప్పాను. కొద్దిగా మట్టి, కొద్దిగా సోంపు. నోట్లో మాత్రం బలం తెలుస్తోంది, పులుపు గట్టిగా ఉంది, కానీ ఏ రుచీ ముందుకు రావడం లేదు. మొహం చాటేసిన మనిషితో మాట్లాడుతున్నాం అనిపించింది. "ఇప్పుడు ఇది మూసుకుని ఉంది" అన్నాడు కొడుకు, సిగ్గుపడకుండా. పీపా దశలో ఉన్న పండ్ల వాసనలు తగ్గిపోయి, వయసుతో వచ్చే వాసనలు ఇంకా పుట్టని కాలం ఇదట. కొన్నేళ్లు ఇలాగే ఉంటుంది. అందరూ పొగిడే ఏడాది సీసా డబ్బు పోసి కొని ఈ మధ్యకాలంలో తెరిచినవాడు, బరోలో అంటే ఇంతేనా అని తిట్టుకోవడంలో తప్పు లేదు. పాతబడే కొద్దీ వైన్ మెట్టుమెట్టుగా బాగుపడుతుందన్న నా నమ్మకం ఆ గ్లాసు దగ్గరే పోయింది.

2010 దగ్గరికి వచ్చేసరికి తలుపులు తెరుచుకున్నాయి. అంచున నారింజ రంగు మొదలైంది. గులాబీ ఉంది కానీ ఎండిన గులాబీ. తారు వాసన, దాని వెనక పొగాకు. వగరు ఉంది, కొరకడం లేదు. టానిన్లు ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ ముడిపడి పెద్ద పెద్ద గొలుసులవుతాయి. మరీ పెద్దవైనవి బరువెక్కి అడుగున మడ్డిగా దిగుతాయి. అందుకే రెడ్ వైన్ వయసు పెరిగే కొద్దీ పలచబడుతుంది, పాత సీసాని కదపకుండా నెమ్మదిగా వంచి పోస్తారు. కార్కు గుండా వచ్చే గాలి అణుమాత్రమే, అయినా ఇరవయ్యేళ్లలో అది చేసే పని చిన్నది కాదు.

ఆ తర్వాత 2001 సీసా తెరిచి, ఆవిడ వాసన చూసి, మాకు పోయకుండానే పక్కన పెట్టేసింది. కార్కు చెడిందట. నేను అడిగి మరీ వాసన చూశాను. మూసి ఉంచిన గదిలో తడిసిన అట్టపెట్టెల వాసన. కార్కులో పుట్టే ఒక రసాయనం లీటరుకు కొన్ని నానోగ్రాములుంటే చాలు, ఇరవయ్యేళ్లు కాపాడిన సీసా సింకు పాలు. ఆమె మొహంలో బాధ కనిపిస్తుందేమో అని చూశాను. లేదు. కొడుకు ఇంకో సీసా తేవడానికి కిందికి వెళ్లాడు.

ఆ రెండో సీసా పక్కన 2003 పెట్టి, ఏది పాతదో చెప్పమంది. నేను, అక్క, ఇద్దరం 2003నే పాతదన్నాం. రంగు ఇటుక పొడికి దిగింది, వాసనలో ఎండు ఖర్జూరం, పులుపు సన్నగిల్లింది. 2001 ఇంకా నిటారుగా ఉంది. 2003లో యూరప్ అంతా వడగాడ్పులకు ఉడికిపోయింది. తోటలో ద్రాక్ష కూడా ఉడికింది, చక్కెర పెరిగింది, పులుపు పడిపోయింది. పులుపు లేని వైన్ త్వరగా ముసలిదవుతుంది. సీసా మీద అంకె చూసి వయసు చెప్పడం కుదరదన్నమాట, ఆ ఏడాది వేసవి ఎలా గడిచిందో కూడా తెలియాలి. ఇప్పుడు ఎండలు ఏటా ముదురుతున్నాయి, కోత ముందుకు జరుగుతోంది. ఒకప్పుడు ద్రాక్ష పూర్తిగా పండితే చాలని దండం పెట్టుకునేవాళ్లట. ఇప్పుడు నీడ కోసం ఆకులు కోయకుండా వదులుతున్నామని కొడుకు చెప్పాడు.

మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే. గుడ్డు సొనలు దండిగా వేసి సన్నగా కోసిన తయారిన్ అనే పాస్తా, వెన్నలో సేజ్ ఆకు వేయించి పైన పోశారు. బరోలోలో గంటలకొద్దీ ఉడికించిన బీఫ్ ఈ ఊరి ప్రత్యేకత. అక్క మాంసం ముట్టదు కాబట్టి ఆమెకు కాస్తెల్మాన్యో అనే జున్ను (చీజ్). ఆ జున్ను ముక్క తిని 2020 మళ్లీ తాగితే వగరు సగం తగ్గినట్టుంది. టానిన్‌కి పట్టుకోవడానికి జున్నులో ప్రొటీన్ దొరికింది, మన నోటిని వదిలేసింది. బావ బ్యాగులోంచి కారప్పూస తీయబోతే నేనే ఆపాను. కారం మీద ఈ వైన్ పడితే మంట రెట్టింపవుతుంది. రైల్లో తిన్నాం, బ్రహ్మాండంగా ఉంది.

భోజనంతో పాటు 1996. పొద్దున్నే కార్కు తీసి సీసాలోనే ఉంచారు. పోయగానే వచ్చిన వాసన నాకు నచ్చలేదు. పుట్టగొడుగులు, పాత తోలు, కొంచెం ముక్కిన వాసన కూడా. బావ మాత్రం కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. పావుగంట తర్వాత చూస్తే ఆ ముక్కిన వాసన లేదు. గులాబీ వచ్చింది, ట్రఫుల్ వచ్చింది, కమలా తొక్క వచ్చింది. 1996 వైన్లు పుట్టినప్పుడు తాగడానికి వీల్లేనంత కఠినంగా ఉండేవట. ఆ కాఠిన్యంలో మిగిలింది నాలుక చివర చిన్న పట్టు మాత్రమే. పాస్తా అయ్యేదాకా ఏ గుక్కకా గుక్క వేరుగా ఉంది. కాఫీ వేళకి అదే గ్లాసులో వాసనలు వెనక్కి తగ్గి పులుపు ఒక్కటే మిగిలింది. ముప్ఫయ్యేళ్లకు దగ్గరపడిన వైన్ గ్లాసులో గంటన్నర బతికింది. గొప్పగా ఉన్నది అందులో ముప్పావు గంట.

అయినా నన్ను ఎంచుకోమంటే నేను 2010 సీసానే తీసుకుంటాను. బావ దీనికి ఒప్పుకోడు. పాతదాన్ని అర్థం చేసుకోవడానికి నాకింకా నోరు తిరగలేదని ఆయన అభిప్రాయం. అక్క ఓటు 2001కి.

కాఫీ తాగుతూ ఆవిడ పాత రోజులు చెప్పింది. ఆమె పెళ్లయిన కొత్తలో బరోలో ఇంత ఖరీదు కాదు, పక్క ఊళ్ల పిల్లలు ఆల్బా ఫ్యాక్టరీలో ఉద్యోగాలకు పోయేవారు. 1986లో మిథనాల్ కలిపిన చౌక వైన్ తాగి ఇటలీలో 20 మందికి పైగా చనిపోయారు. ఆ కల్తీ జరిగింది ఇదే కూనెయో జిల్లాలో. కల్తీ సారా వార్తలు చదువుతూ పెరిగినవాళ్లం, మాకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఆ దెబ్బతో కొనేవాళ్లు సీసా మీద పేరు చూడడం మొదలుపెట్టారని, మంచి రైతుకి దానివల్లే గిట్టుబాటు దొరికిందని ఆమె అంది.

2020వి మూడు సీసాలు కొన్నాం. ఇండియాలోకి డ్యూటీ లేకుండా రెండు లీటర్ల మద్యం తేవచ్చు, రెండు సీసాలు నాకు సరిపోతాయి. కానీ పదేళ్లు దాచాలంటే 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, చీకటి కావాలి. మా ఫ్లాట్‌లో ఏప్రిల్ నెల తలుచుకుని ఆ ఆలోచన మానుకున్నాను. తొరినోలో బావవాళ్ల అపార్ట్‌మెంట్ కింద ప్రతి ఇంటికీ ఒక నేలమాళిగ గది ఉంది, అక్కడే పెట్టించాం. ఎప్పుడు తెరవాలన్న దాని మీద తిరుగు రైల్లో ఆల్బా నుంచి బ్రా దాకా వాదన నడిచింది. బావ 2035 అంటాడు, నేను 2030 అన్నాను. "మూడున్నాయిగా. ఒకటి ఈ సంక్రాంతికే తీస్తాను, మిగతా రెండూ మీరూ మీరూ చూసుకోండి" అంది అక్క.