ముందు మొర, ఆ తర్వాతే పూర్వజన్మ

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడసేవ. ఆ రోజు కొండ మీద కాలు పెట్టే చోటుండదు. మర్నాడు రాత్రి స్వామి గజవాహనమెక్కి వస్తాడు. అంత తొక్కిసలాట ఉండదు కాబట్టి కాస్త తీరిగ్గా చూడొచ్చు. నాకైతే ఈ సేవే ఎక్కువ ఇష్టం. బేరర్ల భుజాల మీద ఊగుతూ వచ్చిన ఏనుగు హారతి కోసం ఆగగానే, గ్యాలరీలో ఎవరో ఒక పెద్దావిడ అందుకుంటుంది: "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె..." పక్కవాళ్లు ఎత్తిన సెల్‌ఫోన్ దించకుండానే గొంతు కలుపుతారు.

పోతన భాగవతంలో, మడుగులో మొసలికి చిక్కిన ఏనుగు గజేంద్రుడు విష్ణువుకి పెట్టుకునే మొర ఇది. నోటికి వచ్చేసిన పద్యం కాబట్టి అందులో ఏముందో పట్టించుకోం. అందులో ముందు వచ్చేది దేవుడి పొగడ్త కాదు. బలం లేదు, ధైర్యం సడలిపోయింది, స్పృహ తప్పుతోంది, ఒళ్లు అలిసిపోయింది. డాక్టరు ఎదుట కూర్చున్న మనిషి చెప్పుకునే మాటలే ఇవన్నీ. "నీవే తప్ప నితఃపరం బెరుగ" అనేది ఆ తర్వాత.

దానికి ముందే "కలడు కలండనెడువాడు కలడో లేడో" అని అనుమానపడ్డాడు గజేంద్రుడు. అది అందరికీ తెలుసు. కానీ "నీవే తప్ప" అని శరణు వేడాక కూడా, ఆ వెంటనే వచ్చే పద్యంలో మళ్లీ అనుమానమే! జీవుల మాటలు వింటావట, పిలిస్తే ఓ అని పలుకుతావట, "సందేహమయ్యె గరుణావార్ధీ" అంటాడు. దాన్ని దాచిపెట్టాలని పోతనకి అనిపించలేదు. విష్ణువు కూడా ఆ ముక్క పట్టుకుని రాకుండా ఉండిపోలేదు. కష్టం మీద కష్టం వచ్చి దీపం పెట్టబుద్ధి కాని రోజుల్లో "సామి మీద నమ్మకం తగ్గింది, అందుకే నాకిలా అవుతోంది" అని కుమిలిపోయేవాళ్లు ఈ పద్యం దగ్గర కాసేపు ఆగాలి.

ఇంకో సంగతి. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపంతో ఏనుగయ్యాడు. మొసలి హూహూ అనే గంధర్వుడు, అతనిది దేవలుడి శాపం. ఈ లెక్కంతా భాగవతం ఎప్పుడు చెబుతుంది? చక్రం వచ్చి మొసలి తల తెగాక, ఏనుగు కాలు విడిపించుకున్నాక. నీళ్లలో "పెక్కేండ్లు పోరాడి" డస్సిపోయినన్ని రోజులూ శాపం ఊసే ఎత్తదు.

మనం పలకరించడానికి వెళ్తే చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. దినాలు కూడా కాకముందే, బిడ్డని పోగొట్టుకున్న తల్లి ముందు కూర్చుని "ఏం చేసేది, తలరాత", "ఏ జన్మలో ఏం చేసుకున్నామో" అంటాం. కర్మ సిద్ధాంతాన్ని నేను కాదనడం లేదు. ఆ పూట ఆ తల్లికి దాంతో పనేముంది? మనకంటే ఆ మడుగు ఒడ్డున నిలబడ్డ ఆడఏనుగులు నయం. "ఒక్కరుని డించి పోవ గాళ్ళు రాక" చూస్తూ ఉండిపోయాయంటాడు పోతన. మొసలిని లాగే శక్తి వాటికి లేదు. అలాగని వదిలేసి పోనూ లేదు, ఉపదేశమూ చేయలేదు.

వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ (1905-1997) నాజీ శిబిరాల్లో తల్లినీ తండ్రినీ సోదరుణ్నీ భార్యనీ పోగొట్టుకున్నాడు. తానూ ఆ శిబిరాల్లో ఉండి 1945లో బయటపడ్డాడు. బతుక్కి అర్థం వెతుక్కోవడమే మనిషిని నడిపించేది అన్నాడు. అయితే ఆ అర్థాన్ని డాక్టరు మందుచీటీలా రాసివ్వలేడు, ఎవరిది వాళ్లే వెతుక్కోవాలని కూడా అన్నాడు. భార్య పోయిన దుఃఖంలోంచి తేరుకోలేక ఒక ముసలి డాక్టరు తన దగ్గరికొస్తే, ఫ్రాంక్ల్ అడిగింది ఒక్క ప్రశ్న: మీరే ముందు పోయి ఉంటే ఆవిడ ఏమయ్యేది? తట్టుకోలేకపోయేది అన్నాడాయన. ఆ బాధ ఆవిడకి తప్పిందిగా, దానికి బదులు మీరు బతికుండి పడుతున్నారు అన్నాడు ఫ్రాంక్ల్. ఆ పెద్దాయన చెయ్యి కలిపి, మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

మనోవైద్యం పని మనసుని బాగుచేయడం, మతం పని ఆత్మకి ముక్తినివ్వడం అని ఫ్రాంక్ల్ గీత గీసుకున్నాడు. ఎవరిని పిలవాలో ఆయన చెప్పడు, ఆ పిలుపు మనకి పోతన దగ్గర దొరుకుతుంది. కానీ ఫ్రాంక్ల్ మాట ఒకటి మన తిరుపతిలో గట్టిగా చెప్పాలనిపిస్తుంది: పోగొట్టుకోగలిగిన బాధని పోగొట్టుకోవాలి, ఊరికే భరిస్తూ కూర్చోవడంలో గొప్పేమీ లేదు. రాత్రిళ్లు నిద్రపట్టక, అన్నం సయించక, చచ్చిపోవాలనిపించే దాకా వచ్చిన మనిషిని "తలనీలాలిస్తే అదే సర్దుకుంటుందిలే" అని ఇంట్లోనే ఉంచేస్తారు. మొక్కు తీర్చుకోండి, కానీ డాక్టరు దగ్గరికి వెళ్లడం అప్పటిదాకా ఆపొద్దు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆసుపత్రి అంటే టెన్షన్ పడేవాళ్లు ముందు 14416కి ఫోన్ చేయొచ్చు. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు. ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.