"ట్రై చేస్తాం సర్"

సోమవారం పొద్దున్నే ఇక్కడ స్టుట్‌గార్ట్ ఆఫీసులో మా జర్మన్ మేనేజర్ నా టేబుల్ దగ్గరికి వచ్చి, "టెస్టింగ్ శుక్రవారానికి అవదని నీకు ముందే తెలుసు కదా, మరి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. అందుకేనేమో ఇంకా గుచ్చుకుంటోంది.

గురువారం కాల్‌లో ఆయన హైదరాబాద్ టీమ్‌ని అడిగాడు, టెస్టింగ్ రేపటికి అయిపోతుందా అని. అటువైపు ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత "ష్యూర్, ట్రై చేస్తాం సర్" అన్నాడు మా కుర్రాడు. ఈయన నోట్‌బుక్‌లో శుక్రవారం అని రాసుకుని కింద గీత గీశాడు. నాకు ఆ క్షణంలోనే అర్థమైపోయింది. భోజనానికి పిలిస్తే "చూద్దాంలే" అన్నవాళ్లకి మన ఇళ్లలో ఎవరైనా విస్తరి వేస్తారా?

ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడంటే నేను ఒప్పుకోను. పదిమంది వింటుండగా పెద్దవాళ్ల మొహం మీద కాదనడం మన పెంపకంలోనే లేదు. ఎదురుగా ఉంటే తల ఆడించిన తీరులోనే సంగతి తెలిసిపోయేది. కెమెరాలు ఆపేసిన కాల్‌లో తల ఎవరికి కనిపిస్తుంది? జర్మనీలో మాట అంటే మాటే. "నైన్", అంటే కాదు, అన్నారంటే కోపం వచ్చిందని కాదు, కుదరదని. అలా అన్న మనిషే కాసేపటికి వచ్చి కాఫీకి రమ్మంటాడు. స్టుట్‌గార్ట్ వచ్చిన కొత్తలో అది కరుకుగా అనిపించేది. ఇప్పుడు నిజంగా ముచ్చటేస్తుంది.

కానీ ఆయనకీ తెలియాల్సింది ఒకటుంది. అక్టోబర్ చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. హైదరాబాద్‌తో తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర అవుతుంది. మాకు మధ్యాహ్నం 3 గంటల కాల్, వాళ్లకి సాయంత్రం 6.30 నుంచి 7.30కి మారిపోయింది. పిల్లలకి అన్నం పెట్టే వేళ. ఇక్కడ పని వేళ అయిపోగానే "ఫైరాబెండ్" అని లేచిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడివాళ్లు మాత్రం ఇబ్బందిగా ఉందని ఒక్కమాట అనలేదు. నేనూ అనలేదు.

ఆ సోమవారం సాయంత్రం కుర్రాడికి ఫోన్ చేశాను. "అన్నా, లైన్లో మీరున్నారుగా. మీకు అర్థమైతే ఆయనకి చెబుతారనుకున్నాను" అన్నాడు.

మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్లి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. చలికాలం అయ్యేదాకా కాల్ 2 గంటలకి మార్చమని కూడా అడిగాను. నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు.